కాగితం లేని కూలీకీ యూనియన్ ఉండాలి

(వ్యవసాయ, వలస కూలీల సదస్సులో చేసిన ప్రసంగం పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఒక రోజు కూలి వదులుకుని ఇక్కడికి వచ్చిన అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

ఆఫ్రికా వలస కార్మికుల హక్కుల గురించి, వాళ్ల కోసం కార్మిక సంఘాలు చేస్తున్న పని గురించి మాట్లాడమన్నారు. చాలా పెద్ద అంశం. బీరూట్‌లో ఇళ్లలో పనిచేసే ఇథియోపియా ఆడవాళ్ల గురించి చెప్పొచ్చు, ఖతార్‌లో కాపలా కాసే కెన్యా కుర్రాళ్ల గురించి చెప్పొచ్చు. నేను మాత్రం ఒక్కచోటికే, ఇటలీ దక్షిణ భాగంలోని టమాటా చేలకు తీసుకుపోతాను. ఆ చేలలో జరిగింది వింటే పాలమూరు వాళ్లకు కొత్తగా ఏమీ అనిపించదు. అందుకే దాన్ని ఎంచుకున్నాను.

ఆ చేలలో కూలీల కోసం వచ్చిన చట్టాల్లో ఒక్కటీ ప్రభుత్వం తనంతట తాను దయతలచి ఇచ్చింది కాదు. ప్రతిదాని ముందూ ఒక సమ్మె అయినా ఉంది, ఒక చావు అయినా ఉంది. సభ్యత్వ పుస్తకం పట్టుకుని ఆఫీసులో కూర్చున్న సంఘం వల్ల అక్కడ ఏమీ కాలేదు. సంఘం గుడిసెల దగ్గరికి నడిచిపోయి, కాగితాలు అడగకుండా మనిషిని మనిషిగా కలుపుకున్నాకే కాస్త కదలిక వచ్చింది.

ఇటలీ పటం బూటులా ఉంటుంది కదా, ఆ బూటు మడమ వైపు పూల్యా అనే ప్రాంతం. అందులో ఫొజ్జా జిల్లా. గోధుమ, టమాటా, ద్రాక్ష, ఆలివ్. ఆ జిల్లాలోనే చెరిన్యోలా అనే ఊరుంది. 1892లో ఆ ఊళ్లో జుసెప్పె ది విత్తోరియో అనే ఆయన పుట్టాడు. రోజుకూలీ కొడుకు. చిన్నప్పుడే తండ్రి పోతే తానూ పొలం పనికి పోయాడు. ఆ కూలివాడే తర్వాత ఇటలీలో అతిపెద్ద కార్మిక సమాఖ్య అయిన సీజీఐఎల్‌కు ప్రధాన కార్యదర్శి అయ్యాడు, 1957లో చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నాడు. ఇప్పుడు అదే చెరిన్యోలా పక్కన ట్రే తితోలి అనే చోట, పాడుబడిన పాత రైతు ఇళ్లలో, ఘనా నుంచి వచ్చిన కూలీలు కరెంటు లేకుండా, నీళ్లు లేకుండా కాపురం ఉంటున్నారు. ఒకప్పుడు పూల్యా కూలీలు ఏ భూమి మీద ఎర్రజెండా ఎత్తారో ఆ భూమి మీదే ఇప్పుడు ఆఫ్రికా కూలీలు ఒంగి కోస్తున్నారు. ఇది తలుచుకుంటే నాకు బాధ వేస్తుంది, సంఘంలో పనిచేసేవాడిగా కోపమూ వస్తుంది.

పని ఎలా ఉంటుందో చెప్తాను. సాసుకు, డబ్బాలకు పోయే టమాటా అది. మొక్కను వేళ్లతో సహా పీకి, పెట్టె మీద దులపాలి. కాయలన్నీ పెట్టెలో రాలతాయి. ఆ పెట్టెను కసోనె అంటారు. చిన్న గంప అనుకోకండి, ఒక్కోదానిలో సుమారు 300 కిలోలు పడతాయి. 2011లో అదే పూల్యాలోని నార్దో అనే ఊరి చేలలో ఒక కసోనెకు ఇచ్చింది మూడున్నర యూరోలు. గుత్త కూలి. నాలుగు పెట్టెలు నింపితే 14 యూరోలు. అందులోంచి చేనుకు తీసుకెళ్లిన వ్యానుకు 5 యూరోలు మేస్త్రీ కోసుకుంటాడు. మధ్యాహ్నం రొట్టెకు మూడున్నర. నీళ్ల సీసాకు ఒకటిన్నర. అవీ మేస్త్రీ దగ్గరే కొనాలి, చుట్టుపక్కల ఇంకెక్కడా దొరకవు. ఇక చేతిలో మిగిలేది నాలుగు యూరోలు. పన్నెండు వందల కిలోల టమాటా కోసినవాడికి!

ఆ మేస్త్రీని వాళ్లు కపొరాలే అంటారు. చాలాసార్లు అతనూ ఆఫ్రికావాడే, కూలీల భాష వచ్చినవాడే. రైతుకు ఎంతమంది కావాలో కనుక్కుంటాడు, తెల్లారకముందే వ్యాన్ తెస్తాడు, డబ్బు తన చేతి మీదుగా పంచుతాడు. నచ్చనివాణ్ణి మర్నాడు ఎక్కించుకోడు. మన గుంపు మేస్త్రీ దసరాకు అడ్వాన్సు ఇచ్చి ఇంటిల్లిపాదినీ లారీ ఎక్కించేవాడు, అక్కడ అడ్వాన్సు ఉండదు, అంతే తేడా. మేస్త్రీ ఒక్కడే దుర్మార్గుడని నేను అననని ముందే చెప్తున్నాను. రైతుకూ కూలీకీ మధ్య ప్రభుత్వం ఖాళీ వదిలింది. బస్సు లేదు, పని చూపించే ఆఫీసు లేదు, ఉండటానికి చోటు లేదు. ఆ మూడూ చూపించేవాడే యజమాని అయి కూర్చున్నాడు. అతని పైన రైతు, రైతు పైన ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ పైన సూపర్ మార్కెట్లు. ఆ సూపర్ మార్కెట్లు వేలం పెట్టి ధరను కిందికి, మళ్లీ ఇంకా కిందికి పాడించేవి. 2021లో చట్టం చేసి ఆ రకం వేలాన్ని ఆపాల్సి వచ్చింది. పైనుంచి నొక్కుకుంటూ వచ్చిన ధర చివరికి ఆ ఒంగిన నడుము మీద పడుతుంది.

మొదటి చావు దగ్గరికి వస్తాను. జెర్రీ మాస్లో. దక్షిణాఫ్రికా నల్లజాతి యువకుడు. వర్ణవివక్ష ప్రభుత్వం నుంచి తప్పించుకుని 1988లో రోమ్ చేరాడు. శరణు ఇవ్వమని అడిగితే ఇవ్వలేదు. ఎందుకో తెలుసా? ఇటలీ చట్టం ప్రకారం అప్పట్లో యూరప్ నుంచి పారిపోయి వచ్చినవాడే శరణార్థి, ఆఫ్రికావాడు కాడు! దాంతో బతుకుతెరువుకు నేపుల్స్ దగ్గర విల్లా లితెర్నోలో టమాటాలు కోయడానికి పోయాడు. 1989 ఆగస్టులో ఒక రాత్రి కూలీలు పడుకున్న కొట్టంలోకి దొంగలు తుపాకులతో వచ్చారు. కూలి డబ్బు ఇవ్వనన్నందుకు అతన్ని కాల్చి చంపేశారు.

ఆ తర్వాత విల్లా లితెర్నో ఆఫ్రికా కూలీలు పని ఆపేశారు. కాగితాలు లేవు, ఓటు లేదు, అయినా సమ్మె చేశారు. అక్టోబరు 7న రోమ్‌లో జాతి వివక్షకు వ్యతిరేకంగా రెండు లక్షల మంది నడిచారు, సంఘాల జెండాలు ఆ ఊరేగింపులో ఉన్నాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో చట్టం మారింది. యూరప్ వాళ్లకే శరణు అనే నిబంధన పోయింది, అప్పటికే ఉన్న వేలమందికి కాగితాలు వచ్చాయి. మాస్లోకు మాత్రం ఆలస్యమైంది.

అంతటితో బాగుపడిందా అంటే లేదు. 2010 జనవరిలో, బూటు బొటనవేలి వైపున్న కలాబ్రియా ప్రాంతంలోని రొజార్నో అనే ఊళ్లో నారింజలు కోసి వస్తున్న ఆఫ్రికా కూలీలను ఎయిర్‌గన్‌తో కాల్చారు. కూలీలు తిరగబడ్డారు. ఊరివాళ్లు కర్రలు, తుపాకులు పట్టుకుని వెంటబడ్డారు. చివరికి పోలీసులు వెయ్యిమందికి పైగా కూలీలను బస్సులెక్కించి ఊరు దాటించారు, రక్షణ కోసమేనట. దెబ్బలు తిన్నవాణ్ణి ఊరు నుంచి పంపేయడం ఏం రక్షణ? అదే ఏడాది అక్టోబరులో నేపుల్స్ చుట్టుపక్కల అడ్డాల మీద ఆఫ్రికా కూలీలు ఒక పని చేశారు. రోజూ పనికోసం నిలబడే కూడళ్ల దగ్గరే నిలబడ్డారు, కానీ మెడలో అట్టముక్కలు వేసుకుని. 50 యూరోలకు తక్కువైతే ఇవాళ పనికి రాను అని వాటి మీద రాశారు. మన లేబర్ అడ్డాల మీద పొద్దున్నే నిలబడే అన్నలు ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇప్పుడు నార్దో గురించి. ఇది కొంచెం తీరిగ్గా చెప్పాలి.

2011 వేసవి. ఊరి బయట మస్సెరియా బొంకూరి అనే పాత వ్యవసాయ క్షేత్రంలో కూలీల శిబిరం. ట్యునీషియా, సుడాన్, ఘనా, బుర్కినా ఫాసో, ఇంకా ఎన్నో దేశాలవాళ్లు, కొన్ని వందల మంది. వాళ్లలో ఇవాన్ సాన్యే అనే కామెరూన్ కుర్రాడున్నాడు. ట్యూరిన్‌లో ఇంజినీరింగ్ చదువుతూ స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు, సెలవుల్లో నాలుగు డబ్బులు సంపాదిద్దామని వచ్చాడు. చదువుకున్నవాడు గనక అతను నాయకుడయ్యాడని కొందరు రాస్తారు. నాకది సగమే నిజమనిపిస్తుంది. అతను రాకముందే ఆ శిబిరంలో స్వచ్ఛంద కార్యకర్తలు, సీజీఐఎల్‌లోని వ్యవసాయ కార్మికుల సంఘం ఫ్లాయ్ వాళ్లు, పనికి రాతపూర్వక ఒప్పందం అడగండి అని కూలీలకు చెబుతున్నారు. నేల దున్ని ఉంది కాబట్టే విత్తనం పడగానే మొలిచింది.

జూలై నెలాఖరున ఒక ఉదయం మేస్త్రీ కొత్త మాట చెప్పాడు. మొక్క పీకి దులపడం కాదు, ఇవాళ పండిన కాయలు మాత్రం ఒక్కొక్కటీ చేత్తో ఏరి పెట్టెలో వేయాలి అన్నాడు. రేటు మాత్రం అదే. దులిపితేనే పెట్టె నిండటానికి గంటలు పడుతుంది, ఒక్కొక్క కాయ ఏరితే ఎప్పుడు నిండేను? గుత్త కూలి చేసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. రేటు పెంచమన్నారు, అతను కుదరదన్నాడు. చేలోంచి బయటికి వచ్చేశారు. శిబిరానికి వెళ్లి మిగతావాళ్లతో మాట్లాడారు. రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు.

సభలు ఎలా జరిగాయో వినండి. ఒకరు ఫ్రెంచిలో మాట్లాడితే ఇంకొకరు అరబ్బీలో చెప్పాలి, మరొకరు ఇంగ్లీషులో చెప్పాలి. ఒక నిర్ణయానికి రావడానికి గంటలు పట్టేది. తెల్లారుజామున మేస్త్రీల వ్యాన్లు వస్తే వాటికి ఎదురుగా నిలబడి, ఎక్కబోయేవాణ్ణి బతిమాలి దింపాలి. ఎక్కేవాడు శత్రువు కాడు, ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తున్నారని ఎక్కుతున్నాడు. సాన్యేకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. అయినా సుమారు రెండు వారాలు సమ్మె నిలబడింది. అడిగింది గొంతెమ్మ కోరికలేం కాదు. రేటు పెంచండి, మేస్త్రీ లేకుండా నేరుగా పనిలో పెట్టుకోండి, ఒప్పందం ఇవ్వండి, అంతే.

ఆ సమ్మె ఇంకా వేడిగా ఉండగానే, ఆగస్టు 13న వచ్చిన ఆర్డినెన్సులో మేస్త్రీగిరీని మొదటిసారి క్రిమినల్ నేరం చేశారు. అంతకుముందు దానికి జరిమానా కట్టి పోవడమే! ఇటలీ శిక్షాస్మృతిలోకి 603-బిస్ అనే కొత్త సెక్షన్ వచ్చింది, ఐదు నుంచి ఎనిమిదేళ్ల జైలు. సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నదే అది. కానీ అడుగుతూ ఉన్నంతకాలం రాలేదు, చేలో పని ఆగినప్పుడు వచ్చింది.

అప్పటి ఆ చట్టంలో పెద్ద చిల్లు కూడా ఉండేది. మేస్త్రీని పట్టుకునేది, అతన్ని పిలిపించుకున్న భూస్వామిని వదిలేసేది. ఆ చిల్లు పూడ్చడానికి మళ్లీ ప్రాణాలు పోవాల్సి వచ్చింది. 2015 జూలై 13న పూల్యాలోనే ఆంద్రియా దగ్గర ద్రాక్షతోటలో పావొలా క్లెమెంతె అనే 49 ఏళ్ల ఇటలీ మహిళ పనిచేస్తూ కుప్పకూలి చనిపోయింది. అర్ధరాత్రి దాటాక ఇంట్లో బయల్దేరి నూట యాభై కిలోమీటర్ల దూరం బస్సులో పోయేది, రోజుకు 27 యూరోల కోసం. ఒక వారానికి నార్దోలో మొహమ్మద్ అబ్దుల్లా అనే సుడాన్ కూలీ ఎండలో టమాటాలు కోస్తూ చనిపోయాడు. ఒకరు తెల్ల మహిళ, ఒకరు నల్ల మగవాడు. ఒకే ప్రాంతంలో, ఒకే ఎండకు, ఒకే పద్ధతి కింద. ఫ్లాయ్ సంఘం క్లెమెంతె చావును బయటపెట్టి వదలకుండా పట్టుకుంది. 2016 అక్టోబరులో వచ్చిన 199వ నంబరు చట్టం భూస్వామినీ నేరస్థుణ్ణి చేసింది, ఆస్తి జప్తు చేసే అధికారం ఇచ్చింది. ఆఫ్రికావాళ్లకోసం సంఘం ఎందుకు కొట్లాడాలి, వాళ్లు వచ్చే కదా మన రేటు పడగొట్టారు అని అక్కడా అనేవాళ్లున్నారు. మన దగ్గర బీహారు, ఒడిశా కూలీలను చూసి అనడం నేను విన్నాను. వాళ్లకు క్లెమెంతె చావే జవాబు. పక్కవాడికి రక్షణ లేని చేలో నీకూ ఉండదు.

ఇప్పుడు చెప్పబోయేది మోసాల్లో మోసం. ఇటలీలో పొలం పనికి కూడా హాజరు రాసి ప్రభుత్వానికి పంపాలి. రెండేళ్లలో 102 రోజులు రాసి ఉంటే పనిలేని కాలంలో భృతి వస్తుంది. యజమాని ఏం చేస్తాడంటే, నెలకు పాతిక రోజులు పని చేయించుకుని కాగితం మీద ఐదో, ఆరో రాస్తాడు. అధికారులు వస్తే చూపించడానికి ఒప్పందం ఉంటుంది, జీతం స్లిప్ ఉంటుంది. అంతా పద్ధతిగానే కనిపిస్తుంది. మిగిలిన రోజులు ఏమవుతాయి? కొన్నిచోట్ల అవి చేలో ఎప్పుడూ అడుగుపెట్టని వాళ్ల పేరు మీద పడతాయి. వాళ్లు భృతి తీసుకుంటారు, కోసినవాడు ఆకలితో పడుకుంటాడు. ఉపాధి హామీ మస్టర్లలో రాని మనుషుల పేర్లు రాయడం చూసిన మనకు ఇది అర్థం కాకుండా పోదు. అందుకే అక్కడి సంఘం కార్యకర్తలు కూలీని మొదట అడిగేది, నువ్వు చేసిన రోజులు రోజూ రాసుకుంటున్నావా అని. తేదీ, చేను, గంటలు, పెట్టెలు. ఆ రాతే తర్వాత కోర్టులో సాక్ష్యం.

మరి కూలీ ఎందుకు ఫిర్యాదు చేయడు? ఇక్కడ గల్ఫ్ వెళ్లొచ్చిన వాళ్లు ఉన్నారు కదా, కఫీల్ అంటే, వీసా తన చేతిలో పెట్టుకునే యజమాని అంటే, ఏంటో వాళ్లకు తెలుసు. ఇటలీలో 2002 నాటి చట్టం నివాస అనుమతిని ఉద్యోగ ఒప్పందానికి ముడిపెట్టింది. పని పోతే, కొంత గడువు తర్వాత దేశంలో ఉండే హక్కు కూడా పోతుంది. మనవాళ్లు దుబాయిలో ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని వాళ్లు, అయినట్టే. అప్పుడు అతను పోలీసు దగ్గరికి పోతే దొంగ దొరికేలోపు ఇతనే దొరుకుతాడు. 2018లో ప్రభుత్వం మానవతా కారణాలతో ఇచ్చే రక్షణను కూడా తీసేసింది, దాంతో ఇంకా వేలమంది కాగితాల్లేని వాళ్లయ్యారు. ఆ తర్వాత కరోనాలో కూలీలు దొరక్క పంట పాడవుతుంటే 2020లో కాగితాలిచ్చే పథకం పెట్టారు. పెట్టిన మంత్రి తెరేసా బెల్లనోవా చిన్నతనంలో పూల్యాలో పొలం కూలీ, ఆ తర్వాత సంఘం నాయకురాలు. ఆమె ఆ మాట ప్రకటిస్తూ కన్నీళ్లు పెట్టుకుంది. ఆ కన్నీళ్లు నిజమైనవేనని నేను నమ్ముతాను. కానీ దరఖాస్తు యజమాని చేయాలి, లేదా కూలీ కఠినమైన షరతులు దాటాలి. రెండు లక్షల పైచిలుకు దరఖాస్తుల్లో నూటికి 85 ఇంటిపని వాళ్లవి, చేల నుంచి వచ్చినవి కొద్దే. ఆ ఏడాది మే నెలలోనే ఐవరీ కోస్ట్ నుంచి వచ్చిన కార్మిక నాయకుడు అబూబకర్ సుమహోరో పిలుపుతో కూలీలు పని ఆపి, పంటకు కూలీ కావాలని కాదు, మనిషికి హక్కుందని కాగితం ఇవ్వండి అని అడిగారు. నా దృష్టిలో ఆ ఒక్క మాటలో మొత్తం సమస్య ఉంది.

2018 ఆగస్టు. ఫొజ్జా జిల్లాలో 4వ తేదీన చేల నుంచి తిరిగొస్తున్న వ్యాను టమాటా లారీని గుద్దుకుని నలుగురు, 6వ తేదీన ఇంకో వ్యాను ప్రమాదంలో పన్నెండు మంది చనిపోయారు. రెండు రోజుల తేడాతో పదహారు మంది ఆఫ్రికా కూలీలు. మొదటి ప్రమాదంలో పోయినవాళ్లు యూఎస్‌బీ అనే సంఘం ఎండకు పంచిన ఎర్ర టోపీలు పెట్టుకున్నవాళ్లు. 8వ తేదీ ఉదయం కూలీలు పని మానేసి ఆ ఎర్ర టోపీలతో, తాము ఉండే రిన్యానో అనే చోటి గుడిసెల నుంచి ఫొజ్జా దాకా నడిచారు. అదే రోజు సాయంత్రం సీజీఐఎల్‌తో సహా పెద్ద సమాఖ్యలు మూడూ కలిసి వేరే ఊరేగింపు తీశాయి. ఒకే చావులు, ఒకే ఊరు, ఒకే రోజు, రెండు ఊరేగింపులు. మన దగ్గర మేడే రోజున ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. దీన్ని సమర్థించే మాట నా దగ్గర ఏదీ లేదు.

అంతకు రెండు నెలల ముందు కలాబ్రియాలో యూఎస్‌బీ కార్యకర్త సుమైలా సాకోను కాల్చి చంపారు. మాలీ దేశస్థుడు, 29 ఏళ్లు. అక్కడి శాన్ ఫెర్దినాందో ఊరి దగ్గర కూలీల గుడారాల్లో ఆ జనవరిలో మంటలు లేచి బెకీ మోజెస్ అనే నైజీరియా యువతి కాలిపోయింది. ప్లాస్టిక్ పట్టాల కంటే రేకులైతే మంట అంత తొందరగా అంటుకోదని, మూతపడిన ఇటుకల ఫ్యాక్టరీలో పాత రేకులు ఏరడానికి సాకో ఇద్దరు స్నేహితులతో పోయాడు. అక్కడే దూరం నుంచి తుపాకీ పేలింది. అతనికి నివాస అనుమతి ఉంది, సంఘం సభ్యత్వం ఉంది, ఉండటానికి ఇల్లే లేదు.

ఫ్లాయ్ వాళ్లు ఇప్పుడు వీధి సంఘం అని ఒక పద్ధతి నడుపుతున్నారు. తెల్లవారుజామున వ్యాను వేసుకుని కూలీలు పోయే దారుల్లో ఆగుతారు. చీకట్లో సైకిళ్ల మీద పోయేవాళ్లను బండ్లు గుద్దకుండా మెరిసే జాకెట్లు ఇస్తారు. జీతం స్లిప్ చదివి చెబుతారు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. సభ్యత్వం మాట తర్వాత. ఆ సంఘంలో అధ్యయన కేంద్రం నడిపే జాన్ రెనె బిలొంగో కామెరూన్ నుంచి వలస వచ్చినవాడే. ఆ కేంద్రం 2022లో ఇచ్చిన లెక్క ప్రకారం ఇటలీ వ్యవసాయంలో సుమారు 2 లక్షల 30 వేల మంది చట్టవిరుద్ధ పద్ధతుల్లో పనిచేస్తుండేవారు. ఆఫ్రికావాళ్లు కార్యకర్తలుగా, బాధ్యుల స్థానాల్లో కూర్చున్నాకే ఆ సంఘానికి గుడిసెల్లో తలుపులు తెరుచుకున్నాయి. ఇంకా చాలామంది కూర్చోవాలి.

చిన్న విజయమైనా ఒకటి చెప్పాలి. 2021 జూన్‌లో మాలీ యువకుడు కమారా ఫాంతమాది ఎండలో పనిచేసి సైకిల్ మీద తిరిగిపోతూ బ్రిందిసి దగ్గర దారిలో పడి చనిపోయాడు. 27 ఏళ్లు. రెండు మూడు రోజుల్లోనే పూల్యా ప్రభుత్వం మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి నాలుగు దాకా, విపరీతమైన ఎండ రోజుల్లో, పొలం పని నిషేధించింది. వేరే ప్రాంతాలూ తర్వాత అదే దారి పట్టాయి. మన రాష్ట్రాల్లో మిరప కోతలకు, ఉపాధి పనికి అలాంటి కచ్చితమైన నిషేధం ఎందుకు ఉండకూడదు?

ఇది ఆఫ్రికావాళ్ల కష్టం, మనకేం సంబంధం అనుకునేవాళ్లకు సత్నాం సింగ్ పేరు చెప్తాను. పంజాబ్ యువకుడు. 2024 జూన్‌లో రోమ్‌కు దక్షిణాన లతీనా చేలలో యంత్రంలో పడి చెయ్యి తెగిపోయింది. ఆసుపత్రికి తీసుకుపోలేదు. ఇంటి ముందు దింపేసి, తెగిన చేతిని పండ్ల పెట్టెలో పెట్టి పోయారు. రెండు రోజులకు చనిపోయాడు. కాగితాలు లేవు మరి, ఆసుపత్రికి తీసుకుపోతే యజమాని బయటపడతాడు. అతని కోసం లతీనాలో సీజీఐఎల్ వీధుల్లోకి వచ్చింది. మాస్లో చనిపోయిన నాటి నుంచి ఆఫ్రికా కూలీలతో కలిసి నడవడం నేర్చుకున్న సంఘమే మన పంజాబీ బిడ్డకోసం నడిచింది.

మన సంగతికి వస్తాను. పాలమూరు లేబర్ దేశమంతా ఆనకట్టలు కట్టింది, చాలాచోట్ల సంఘాలు వాళ్లను సభ్యులుగా రాసుకోలేదు. ఇప్పుడు మన ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలున్నాయి. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చిందే ఒడిశా దాదన్ కూలీల, అంటే అడ్వాన్సు తీసుకుని వలసపోయే కూలీల, కష్టం చూసి. ఆ చట్టం వాళ్ల బట్టీ గేటు దాటి లోపలికి పోలేదు. మనమైనా పోయామా?

అందుకే రెండు ప్రతిపాదనలు ఈ సదస్సు ముందు పెడుతున్నాను. ఒకటి, మన సంఘం సభ్యత్వ ఫారంలో స్థానిక చిరునామా, ఆధార్ నంబరు తప్పనిసరి అనే గడులు తీసేయాలి. పేరు, పనిచేసే చోటు చాలు. రెండు, ఈ సీజన్ నుంచే ప్రతి మండలంలో ఇద్దరు కార్యకర్తలు, వాళ్లలో ఒకరు ఒడియా గానీ హిందీ గానీ వచ్చినవాళ్లు, వారానికొకసారి బట్టీల దగ్గరికి పోవాలి. పనిరోజులు రాసుకునే చిన్న పుస్తకాలు అచ్చువేయడానికి ఖర్చు అంచనా కోశాధికారి అన్న దగ్గర ఉంది. భోజనాల తర్వాత చర్చ. చర్చ కంటే ముందు బట్టీల నుంచి వచ్చిన ఒడిశా అక్కలు మాట్లాడతారు, వాళ్ల మాట తెలుగులో చెప్పడానికి మనిషి ఉన్నారు. దయచేసి ఎవరూ మధ్యలో లేవకండి.